కార్పొరేషన్ నోటీసు అంటించింది, ఇంటి రిపేరుకు డబ్బులు ఎవరిస్తారు?

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కరీమాబాద్‌లో అమ్మ పేరు మీద 80 గజాల పాత పెంకుటిల్లు, పడమటి గోడ బయటికి ఒరిగింది, వానొస్తే రెండు అర్రలూ ఉరుస్తున్నాయి, మొన్న కార్పొరేషన్ వాళ్లు శిథిల భవనం అని నోటీసు అంటించి పోయారు. అమ్మ బీడీలు చుడుతుంది, నువ్వు హనుమకొండలో బట్టల షాపులో చేస్తావు. రిపేరుకు కార్పొరేషన్ ఏమైనా ఇస్తుందా, ఒకాయన పది వేలిస్తే ఫైలు నడిపిస్తా అంటున్నాడు, ఇవ్వాలా అని అడిగావు.

పది వేలు ఇవ్వొద్దు. నడపడానికి అసలు ఫైలే లేదు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో పేదోళ్ల సొంత ఇంటి రిపేరుకు నేరుగా డబ్బులిచ్చే పద్దు లేదు. ఉన్నదని ఎవరైనా చెప్తే ఆ జీవో నంబరు అడుగు, అక్కడే తేలిపోతుంది.

నేను ఇరవై ఆరేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను, కొన్నేళ్లు హౌసింగ్‌లో, మిగతాది మున్సిపాలిటీల్లో, జనగామ, పరకాల, వరంగల్, కొన్నాళ్లు మంచిర్యాల. కొత్త ఇళ్లకు కొలతలు తీసుకున్నవి వేలల్లో ఉంటాయి. ఉన్న ఇల్లు బాగుచేయమని కొలతలు తీయించిన ఆఫీసు మాత్రం ఒక్కటీ తగల్లేదు. రిటైరయ్యాక కూడా నాకు మనసులో గుచ్చుకునే విషయం ఇదే, అందుకే జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఎందుకు ఇవ్వరంటే, మున్సిపాలిటీకి వచ్చే ప్రతి రూపాయికీ ముందే ఒక పేరు రాసి ఉంటుంది. 2021 నుంచి 2026 దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం నిధులే తీసుకో, మనలాంటి పది లక్షల లోపు ఊళ్లకు వచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది, ఆ డబ్బులు రోడ్లకు, చెరువు కట్టలకు, నాలాలకు పోయాయి. డివిజన్ పనుల కింద కార్పొరేటర్ పెట్టించే సీసీ రోడ్డు, మోరీ అన్నీ ప్రభుత్వ స్థలంలో ఉండాలి. ప్రైవేటు గోడకు ఒక్క బస్తా సిమెంటు పెట్టినా ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాస్తారు, ఆ డబ్బులు ఇంజనీరు జీతంలోంచి రికవరీకి వస్తాయి. ఇక నోటీసు సంగతి, 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రమాదంగా ఉన్న కట్టడానికి నోటీసు ఇవ్వడం వాళ్ల డ్యూటీ. రేపు గోడ పడి ఎవరికైనా ఏదైనా అయితే మేం ముందే చెప్పాం అనడానికి ఆ కాగితం ఉండాలి. బాగు చేయించుకోవడానికి సాయం చేయాలని మాత్రం ఎవరి మీదా బాధ్యత లేదు.

రిపేరు అనే ఆలోచన మన పథకాల్లో ఎప్పుడూ లేదని కాదు. 2001లో వచ్చిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజనలో బస్తీల్లో ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి, కొత్త ఇంటికి ఇచ్చేదాంట్లో సగం దాకా ఇవ్వొచ్చని ఉండేది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో కూడా సొంత స్థలం ఉన్నవాళ్లకు కేంద్రం ఇచ్చే లక్షన్నరతో ఉన్న ఇంటికే ఇంకో గదో, వంటిల్లో, బాత్రూమో కలుపుకునే వీలుండేది, కాకపోతే కనీసం 9 చదరపు మీటర్లు పెరగాలనేవాళ్లు. మన రాష్ట్రంలో అప్పుడు నడిచింది డబుల్ బెడ్‌రూం ఇళ్లు. ఇప్పుడు నడుస్తున్నది ఇందిరమ్మ ఇల్లు. రెండూ కొత్త ఇంటికే.

ఇందిరమ్మ ఇంటి గురించి నీకు ఎవరో చెప్పే ఉంటారు, ఎట్లాగూ నోటీసొచ్చింది, కూలగొట్టి పెట్టుకోండి, ఖాళీ జాగా కనబడితే ఇల్లొస్తది అని. దయచేసి ఆ మాట వినొద్దు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒకామె ఇట్లాగే లిస్టులో పేరుందని ఎవరో అంటే విని పెంకుటిల్లు పీకించేసింది, దూలాలు అమ్మేసింది. తర్వాత చూస్తే ఆ లిస్టు ఫైనల్ కాదు. మూడు వానాకాలాలు టార్పాలిన్ కింద పిల్లలతో ఉంది. నేను కొలతలకు పోయినప్పుడల్లా బయటికొచ్చి సార్ మా పేరొచ్చిందా అని అడిగేది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇందిరమ్మ ఇల్లు ఎట్లా నడుస్తుందంటే, మొత్తం 5 లక్షలు, నాలుగు విడతలు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబ్ పడ్డాక లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా పూర్తయ్యాక చివరి లక్ష. అంటే బేస్‌మెంట్ దాకా మన చేతి డబ్బే. కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి, 600 దాటొద్దు, స్లాబ్ ఇల్లే ఉండాలి. మీ 80 గజాలంటే 720 చదరపు అడుగులు, జాగా సరిపోతుంది. 2024 చివర్లో జరిగిన సర్వేలో దరఖాస్తుల్ని ఎల్1, ఎల్2, ఎల్3 అని విడగొట్టారు, సొంత జాగా ఉండి మంచి ఇల్లు లేనివాళ్లు ఎల్1. అమ్మ ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టిందా, పెడితే ఎందులో వేశారు అన్నది వార్డు ఆఫీసులో కనుక్కో. తప్పుగా ఇల్లున్నవాళ్ల లెక్కన ఎల్3లో పడి ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కాగితం ఇయ్యి. ఇక్కడ ఒక తికమక ఉంది, కార్పొరేషన్ ఒక్కటే అయినా జిల్లాలు రెండు, 2021 నుంచి వరంగల్ వేరు, హనుమకొండ వేరు. నువ్వు పనిచేసేది హనుమకొండలో కదా అని అక్కడి కలెక్టరేట్‌లో ఇస్తే కాగితం తిరిగొస్తుంది, మీ ఇల్లున్నది వరంగల్ జిల్లాలో. మంజూరు పత్రం అమ్మ చేతికొచ్చి, బేస్‌మెంట్‌కు డబ్బు సర్దుబాటయ్యి, అద్దెకు ఒక గది చూసుకున్నాకే ఇంటి మీద గడ్డపార వేయాలి. అప్పటిదాకా ఆ ఇల్లు నిలబడాలి. కాబట్టి రిపేరు ఎట్లాగూ తప్పదు.

ఇప్పుడు గోడ సంగతి. ఒరిగిన ప్రతి గోడా పడిపోదు, నిటారుగా కనబడే ప్రతి గోడా నిలబడదు. సుతారి మేస్త్రి దగ్గర తూకం గుండు ఉంటుంది, గోడ పైనుంచి వేలాడదీసి కింద ఎంత తేడా వస్తుందో కొలిపించు. గోడ మందంలో మూడో వంతు కన్నా ఎక్కువ బయటికొచ్చిందంటే ఆ గోడను నమ్మొద్దు, ఇది నేను ఎప్పుడూ పాటించిన లెక్క. పగులు ఉన్నచోట ఒక సన్న గాజు ముక్క అడ్డంగా పెట్టి రెండు కొసలా సిమెంటు ముద్దతో అంటించి, పక్కన తేదీ రాయి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. పగిలిన రోజే సామాను తీసుకుని బంధువుల ఇంటికి పోవాలి, దాంట్లో ఆలోచించేదేం లేదు. పగలకపోతే మీకు కొంచెం టైముంది. ఈ రాత్రి నుంచే మాత్రం అమ్మ ఆ గోడ వైపు అర్రలో పడుకోవద్దు, మంచం తూర్పు వైపు వేయించు.

దూలాలు సుత్తితో కొట్టి చూడాలి. గట్టిగా ఖంగుమంటే కట్టె బాగుంది, డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తినేసింది. ముఖ్యంగా దూలం గోడలోకి పోయే కొస చూడాలి, నీళ్లు దిగేది అక్కడే, ముందు పుచ్చేది అదే.

చేతిలో 40, 50 వేలే ఉంటే ఏం ముందు చేయాలి అన్నది చాలామంది తప్పుగా చేస్తారు. ముందు లోపల గచ్చు, రంగులు, టైల్స్ వేయించుకుంటారు, కనబడేది అదే కాబట్టి. పైనుంచి నీళ్లు, కిందనుంచి నీళ్లు, ఈ రెండూ ఆపాకే మిగతావి. మొదటి పని దూలం కింద లోపలి వైపు సర్వి కట్టెలతో పోట్లు, అంటే నిలువు ఆసరాలు, పెట్టించడం, అవి సెంట్రింగ్ వాళ్ల దగ్గర అద్దెకు దొరుకుతాయి. కప్పు బరువు పోట్ల మీదికి వచ్చాక ఒరిగిన గోడను మొత్తం ఒకేసారి కాకుండా మూడు నాలుగు అడుగుల ముక్కలుగా తీసి ఇటుకతో తిరిగి కట్టుకుంటూ పోవచ్చు. ఇది తెలిసిన పాత సుతారులు ఉర్సు, కరీమాబాద్ వైపు ఇంకా ఉన్నారు, కుర్ర మేస్త్రీలు మొత్తం కూలగొట్టడమే సులువు అంటారు, ఇద్దరు ముగ్గురిని అడుగు. తర్వాత పగిలిన పెంకులు మార్చడం, కొన్ని పాత పెంకులు పక్కిళ్లు కూలగొట్టేవాళ్ల దగ్గర దొరుకుతాయి. పెంకులన్నీ తీసి రేకులు వేయించుకోమంటారు, వేయొచ్చు, కానీ పుచ్చిన దూలాల మీద రేకులు వేస్తే గాలికి మొత్తం లేచిపోతాయి. ఇంకొకటి, మట్టి గోడకు బయట సిమెంటు ప్లాస్టర్ చేయించొద్దు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కానీ లోపలికి పోయిన తేమ బయటికి రాలేక గోడ లోపలే మెత్తబడుతుంది, రెండు మూడేళ్లకు ప్లాస్టర్‌తో సహా జారిపోతుంది. మట్టి గోడకు సున్నమే మంచిది.

ఇది చదివే వేరేవాళ్లలో 80లు, 90లలో ప్రభుత్వం పేదోళ్లకు కట్టించిన వీకర్ సెక్షన్ స్లాబ్ ఇళ్లున్నవాళ్లు ఉంటే, పెచ్చులూడి చువ్వలు కనబడుతుంటే పైన ఇంకో పొర కాంక్రీటు వేయించొద్దు, బరువు పెరుగుతుంది. కింద తుప్పు గీకించి మరమ్మతు చేయించాలి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెప్తాను. మీ గోడ ఎందుకు ఒరిగింది? నువ్వు రాసినదాంట్లోనే ఉంది, "చిన్నప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి పోయేవాళ్లం, ఇప్పుడు రోడ్డు మీదనుంచి దిగాలి" అన్నావు. పాత వరంగల్ బస్తీల్లో సగం ఇళ్ల కథ ఇదే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ పోస్తారు, పదేళ్లకొకసారి ఆరంగుళాలు, ఎనిమిది అంగుళాలు లేస్తుంది, గడప కిందికి పోతుంది. మోరీ కూడా రోడ్డుతో పాటే పైకి కడతారు. ఇక వాననీళ్లు ఇంట్లోంచి మోరీలోకి పోవడం మానేసి మోరీలోంచి ఇంట్లోకి వస్తాయి, గోడ మొదలు నెలల తరబడి తడిగా ఉంటుంది. మట్టి గోడ ఎంతకాలం ఓర్చుకుంటుంది? 2023 జూలై చివర్లో హంటర్ రోడ్డు, నయీంనగర్, శివనగర్ మునిగినప్పుడు, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వానకు మునిగినప్పుడు నీళ్లు పోయాక నేను కొన్ని ఇళ్లు చూశాను, ఎక్కువ దెబ్బతిన్నది పాత ఇళ్లు కాదు, రోడ్డు కన్నా కిందున్న ఇళ్లు. అంటే ఊరు తన డబ్బుతో వేసిన రోడ్డే ఆ ఇంటిని పాడు చేసింది, తర్వాత అదే ఊరు వచ్చి శిథిలం అని నోటీసు అంటించింది. ఇది అన్యాయం. నేనే కొన్ని రోడ్లకు కొలతలు రాశాను, ఆ రోజు గడపల ఎత్తు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, అది తప్పే.

అందుకే నా సలహా, గడప లోపల పెట్టలేని కార్పొరేషన్ రూపాయిని గడప బయట పెట్టించుకో. నోటీసుకు జవాబు కమిషనర్ పేరున రాయి. పోట్లు పెట్టించాం, పడమటి అర్ర ఖాళీ చేశాం, గోడ తిరిగి కట్టుకుంటాం, 45 రోజులు గడువివ్వండి అని. అదే కాగితంలో రెండో పేరాలో, మా ఇంటి గడప రోడ్డు కన్నా ఇన్ని అంగుళాలు కిందుంది, మోరీ నీళ్లు గోడ మొదల్లోకి వస్తున్నాయి, ఇంజనీరింగ్ విభాగం వాళ్లు చూసి మోరీ లోతు చేయించాలి, గోడ పక్కన నీళ్లు నిలవకుండా వాలు ఇప్పించాలి అని రాయి. ఇది ప్రైవేటు పని కాదు, మోరీ వాళ్లదే, ఆడిట్ అడ్డం రాదు. టేపు పెట్టి కొలిచిన ఫోటో, ఇంటి పన్ను రసీదు, నోటీసు జిరాక్సు జతచేయి. ఇన్‌వార్డ్‌లో ఇచ్చి నీ కాపీ మీద ముద్ర వేయించుకో, నోటిమాటగా చెప్పి రావొద్దు. గల్లీలో అట్లాంటి ఇళ్లు ఇంకా నాలుగుంటే అందరి సంతకాలు పెట్టించు, ఒక్క ఇంటికి మోరీ మార్చరు, గల్లీకి మారుస్తారు. నోటీసులో "మరమ్మతు చేసుకోవాలి లేదా తొలగించాలి" అని ఉందా, ఒట్టి "తొలగించాలి" అని ఉందా అన్నది కూడా చూసుకో. రెండోదైతే లైసెన్సు ఉన్న ఇంజనీరుతో చూపించి గోడ కడితే ఇల్లు నిలబడుతుందని కాగితం తీసుకోవాలి, ఆ పేర్లు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఇస్తారు.

వానకు పడితే వచ్చే డబ్బు వేరే. అది కార్పొరేషన్‌ది కాదు, విపత్తు సహాయ నిధిది, రెవెన్యూ వాళ్ల చేతిలో ఉంటుంది. 2022 నుంచి 2026 దాకా ఉన్న కేంద్రం లెక్క ప్రకారం వరదకో తుపానుకో ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000. మధ్యలో ఏమీ లేదు చూడు, నాలుగు వేలకు ఒక పోటు కూడా సరిగ్గా పడదు, ఇల్లు మొత్తం పోయాక మాత్రం లక్షా ఇరవై వేలు. పైగా ఇల్లు అధికారికంగా నమోదై ఉండాలి, అందుకే ఇంటి నంబరు, పన్ను రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో కాకుండా నీ దగ్గర పెట్టుకో. ఈసారి వానకు ఏదైనా అయితే కడగకముందే, మట్టి ఎత్తకముందే ఫోటోలు తీసి తహసీల్దార్ ఆఫీసులో పంచనామా రాయించండి. శుభ్రం చేసుకున్నాక వచ్చిన సర్వే వాళ్లు ఏమీ కాలేదు కదా అని రాసుకుపోయిన ఇళ్లు నాకు తెలుసు.

మరి గోడకు డబ్బు? అమ్మ పొదుపు సంఘంలో ఉందన్నావు, అదే నీకున్న మంచి దారి. పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా ఆర్పీని కలిసి, బ్యాంకు లింకేజీలో, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పులో, మీ సంఘానికి ఎంత మిగిలి ఉంది, సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి అమ్మకు ఎంత వస్తుంది అని అడుగు. ఇంటి రిపేరు అప్పులు బ్యాంకులకు ప్రాధాన్య రంగం, అంటే తప్పకుండా కొంత అప్పు ఇవ్వాల్సిన లెక్క, కిందికే వస్తాయి, కాబట్టి మేనేజరు అట్లాంటిది లేదంటే అంతటితో ఆగిపోవద్దు. వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసే ప్రైవేటు ఫైనాన్సు జోలికి మాత్రం పోవద్దు, బీడీల మీద వచ్చే డబ్బుతో ఆ కిస్తీలు తీరవు, ఆ టెన్షన్‌తో అమ్మ ఆరోగ్యం పోతుంది.

ఇంకో మాట, ఇది నీకోసం మాత్రమే కాదు. హర్యానాలో పేద కుటుంబాలకు పదేళ్లు దాటిన ఇంటి మరమ్మతుకు అంబేద్కర్ పేరు మీద పథకంలో 80 వేలిస్తున్నారు. తమిళనాడు 2024లో, ప్రభుత్వం ఒకప్పుడు పల్లెల్లో కట్టించిన రెండున్నర లక్షల పాత ఇళ్లను బాగుచేయడానికి 2,000 కోట్లు పెడతామని ప్రకటించింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమైతే ఆదాయం తక్కువున్న సొంతింటి వాళ్లకు కరెంటు, నీళ్ల పైపులు, కప్పు పాడైతే నగరమే ఉచితంగా బాగుచేయిస్తుంది, అక్కడ 1974 నుంచి కేంద్ర ప్రభుత్వం ఊళ్లకు ఇచ్చే గ్రాంటులో ఇంటి రిపేరు కూడా ఒప్పుకున్న ఖర్చు. మనకు అంత పెద్దది అక్కర్లేదు. వరంగల్‌లో 66 డివిజన్లు. డివిజన్‌కు ఏడాదికి 20 ఇళ్లు, ఇంటికి 60 వేలు అనుకుంటే 1,320 ఇళ్లు, 8 కోట్ల లోపే. అవే ఇళ్లు కూలిపోయాక ఒక్కోదానికి 5 లక్షలు ఇవ్వాలంటే 66 కోట్లు. శిథిలం అని నోటీసు ఇచ్చేటప్పుడే అదే ఇంజనీరు రిపేరుకు ఎంతవుతుందో ఎస్టిమేట్ కూడా రాయాలి, డబ్బు రెండు విడతల్లో, పోట్లు పెట్టాక సగం, గోడ లేచాక సగం, సంఘం ఖాతా ద్వారా ఇస్తే చాలు, కొత్త ఆఫీసు కూడా అక్కర్లేదు. కార్పొరేషన్ బడ్జెట్ మార్చిలోపు పెడతారు, పద్దులు అంతకు ముందే రాస్తారు, కాబట్టి మీ కార్పొరేటర్‌ని ఎన్నికల ముందు కాదు, డిసెంబర్‌లో అడగాలి. నేను ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ఇద్దరు ముగ్గురికి ఇచ్చాను, ఇంకా ఇస్తూనే ఉంటాను, మీ సంఘం వాళ్లు తీర్మానం చేసి ఇస్తే దానికి ఇంకా బలం వస్తుంది.

ఇప్పుడైతే ముందు గోడ. రేపు పగటి వెలుగులో మూడు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు, గోడ మొదలు మోరీతో సహా కనబడేట్టు ఒకటి, పగులు పక్కన స్కేలు పెట్టి ఒకటి, లోపల దూలం గోడలోకి పోయే కొస ఒకటి. ఇంటి నంబరు కనబడకుండా చూసుకో. అవి చూశాక పోట్లు ఎన్ని కావాలో, ఎక్కడెక్కడ పెట్టాలో గీసి పెడతాను.